కత్తిరించిన ఊపిర్లు

మా అపార్ట్‌మెంటులో తెలుగువాళ్లు ఎవరు కొత్తగా దిగినా మొదట అడిగే ప్రశ్న ఒకటే. "ఏ కంపెనీ?" ఏ కంపెనీ కాదు, పాటలు చేస్తానని చెబితే, "అది సరేనండీ, వారం మధ్యలో ఏం చేస్తారు?" అంటారు. నలభై ఒక్క ఏళ్లొచ్చినా ఈ ప్రశ్న వింటే నాకు ఒళ్లు మండుతుంది. గౌరికి మండేది కాదు. "వారమంతా రైల్లో ఉంటాం ఆంటీ, ఆదివారం పడవలో ఉంటాం" అని నవ్వుతూ చెప్పేది. అందులో అబద్ధమేమీ లేదు. ఢిల్లీ శివార్లలోని ఇందిరాపురంలో పడవేమిటని ఆంటీలే నమ్మేవారు కాదు.

గౌరి నా చెల్లెలు. నాకంటే ఆరేళ్లు చిన్న. మా ఇద్దరి బ్యాండు పేరు 'చుక్కాని'. పాటలు రాసేదీ పాడేదీ గౌరి. గిటారు వాయించడం, రికార్డు చేయడం, ఎడిటింగు చేయడం, అందరితో గొడవపడటం నా పనులు. మొన్న మే నెలలో గౌరి పోయింది. ముందే చెప్పేస్తున్నాను, చివరికి బతుకుతుందేమోనని ఎవరూ ఆశపడకుండా. అయిదు నెలలు నేను ఆ ఆశతోనే ఉన్నాను. అదెంత చెడ్డదో నాకు తెలుసు.

మా నాన్న సుబేదార్ వీరభద్రరావు. సిక్కోలు మనిషి. ముప్ఫై ఏళ్లు సైన్యంలో తిరిగినా, ఆ పైన ఇరవయ్యేళ్లు ఢిల్లీలో ఉన్నా యాస మాత్రం మారలేదు. సికింద్రాబాద్‌లో ఉన్న రోజుల్లో హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నడపడం నేర్చుకుని, మాకూ నేర్పాడు. అప్పుడు నేను తొమ్మిదో తరగతి, గౌరి మూడో తరగతి.

ఇద్దరు నడిపే చిన్న పడవ అది. వెనక కూర్చున్నవాడి చేతిలో చుక్కాని ఉంటుంది. ముందున్నవాడు ముందు తెరచాప తాడు పట్టుకోవాలి. గాలి జోరు పెరిగితే ఒళ్లంతా పడవ బయటికి వాల్చి, తన బరువుతో పడవ ఒరిగిపోకుండా కాయాలి. కష్టమంతా ముందున్నవాడిదే. వెనకవాడికి మాత్రం వాడి వీపే కనపడుతుంది. అందుకే నాన్న మాకు నేర్పిన మొదటి పాఠం గాలి గురించి కాదు.

"మొగం కనపడదు కదా, ఊపిరి ఇను" అనేవాడు. "ముందున్నోడు అలిసిపోయేడో లేదో ఊపిరే సెప్తాది. నోటితో అడిగితే ఎవుడూ నిజం సెప్పడు."

మమ్మల్ని ఒకరి తర్వాత ఒకరిని ముందు కూర్చోబెట్టుకుని తాను వెనక ఉండేవాడు. ఒడ్డుకొచ్చాక ఇద్దరికీ మార్కులు వేసేవాడు. "గుంట బుద్ధిగా ముక్కుతో పీలుస్తాది. నువ్వేటిరా, కుక్కలాగ నోటితో పీలుస్తావు" అని నన్ను ఏడిపించేవాడు. సిక్కోలు మాటలో గుంట అంటే ఆడపిల్ల; ఇంట్లో గౌరిని ఎప్పుడూ అలాగే పిలిచేవాడు, దానికి ముప్ఫై దాటాక కూడా.

తర్వాత ఢిల్లీ కంటోన్మెంటు, రిటైర్మెంటు, ఇందిరాపురం ఫ్లాటు. అమ్మ పోయి ఎనిమిదేళ్లు. మిగిలిన ముగ్గురం మూడు గదుల్లో ఉండేవాళ్లం. ఓఖ్లా బ్యారేజీకి ఎగువన యమున కాస్త వెడల్పుగా నిలబడే చోట ఒడ్డున ఒక రేకుల షెడ్డు ఉంది. నాన్న పాత స్నేహితుల పుణ్యమా అని మా పడవకి అందులో చోటు దొరికింది. గుర్రపుడెక్క తెరచాపకి దారివ్వదు, నీళ్ల కంపు ముక్కుకి ఊరటనివ్వదు. అయినా వానలు తగ్గిన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా, ఊళ్లో ఉన్న ప్రతి ఆదివారం పొద్దున్నే వెళ్లేవాళ్లం. నాన్నకి మోకాళ్లు అరిగాక ఒడ్డున కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నేను వెనక, గౌరి ముందు. మిగతా రోజుల్లో భోపాల్, పూణె, హైదరాబాద్, ఎక్కడ పిలిస్తే అక్కడికి రైలెక్కేవాళ్లం. తిరిగొచ్చి గౌరి గదిలో, గది మోగకుండా రజాయి దుప్పట్లు వేలాడదీసిన అల్మరా ముందు మైకు పెట్టి కొత్త పాట మొదలుపెట్టేవాళ్లం. పాటకి సమయమిస్తే పడవ అలిగేది, పడవకిస్తే పాట అలిగేది. అలా తొమ్మిదేళ్లు గడిచాయి. ఇప్పుడు తలుచుకుంటే అంత సుఖపడ్డవాళ్లు ఈ ఊళ్లో ఇంకెవరూ లేరనిపిస్తుంది.

నా పని గురించి ఒక సంగతి చెప్పాలి. పాడేవాళ్లు వరుసకీ వరుసకీ మధ్య గాలి పీల్చుకుంటారు. మైకు ఆ చప్పుడుని దాచదు. ఎడిటింగు చేసేవాళ్లలో కొందరు దాన్ని తగ్గిస్తారు, కొందరు వదిలేస్తారు. నేను పూర్తిగా కోసేస్తాను. గొంతు ఒక్కటే ఉండాలి, దాని చుట్టూ నిశ్శబ్దం ఉండాలి. అది నా పద్ధతి. దాని మీద నాకు బోలెడు గర్వం కూడా ఉండేది. నా చెవి దాటి చీమ కూడా నడవదని నలుగురిలో చెప్పుకునేవాణ్ణి. టూర్లకి మోసే లాప్‌టాప్‌లో చోటు ఉండేది కాదు కాబట్టి, పని పూర్తయిన ముక్కని మాత్రమే ఉంచి, అసలు రికార్డింగుల్ని ఏ రోజుకారోజు చెరిపేసేవాణ్ణి. వేరేవాళ్లు అలా చేస్తే మొదట తిట్టేవాణ్ణి నేనే.

కిందటేడు సెప్టెంబరులో గౌరి ఒక కొత్త పాట రాసింది. మెట్రోలో, లేడీస్ కోచ్‌లో నిలబడి నిద్రపోయే ఒక నర్సు గురించి. మా పాటల్లో అదే మంచిది. పద్నాలుగో తారీకున పల్లవి రికార్డు చేశాం. ఎప్పుడూ ఒక్క గుక్కలో పాడే వరుసని ఆ రోజు మధ్యలో ఆపి గాలి పీల్చుకుంది.

"గౌరీ, అక్కడ ఊపిరెందుకు? మాట విరిగిపోతోంది."

"పొద్దున్నుంచీ అలాగే ఉంది అన్నా. ఉక్క కదా."

రెండు ముక్కలూ కలిపి, మధ్యలో ఊపిరి కోసేశాను. అతుకు ఎక్కడుందో నాకే తెలియనంత బాగా కుదిరింది. దసరా తర్వాత చరణం మొదలుపెట్టాం. ఇప్పుడు వరుసకి మూడు ఊపిర్లు.

"రోజూ పాడే రియాజ్ మానేశావా ఏం?" అన్నాను.

"పొగ యార్. ఏక్యూఐ చూశావా? నాలుగొందలు."

"అందరికీ అదే పొగ. పొగ మీదకి నెట్టకు."

"అచ్ఛా బాబా, ఇంకోసారి పాడతా."

ఇంకోసారి పాడింది. ఇంకోసారి పీల్చింది. నేను ఇంకోసారి కోశాను.

నవంబరులో ఢిల్లీలో దగ్గనివాడెవడు? లిఫ్టులో దగ్గుతారు, మెట్రోలో దగ్గుతారు. గురుగ్రామ్‌లో ఒక ఆఫీసు వేడుకలో వాయిస్తే మాకు చప్పట్ల కంటే దగ్గులే ఎక్కువ వినపడ్డాయి. గౌరి కూడా దగ్గింది. ఊరంతా దగ్గుతుంటే ఒక్కళ్ల దగ్గు వేరుగా వినపడదు. ఇది సాకు కాదు, సాకే అయినా నాకే పనికిరావడం లేదు.

ఆ నెలాఖరు ఆదివారం పడవ తీశాం. గాలి బాగుంది. "వాలు" అని అరిచాను. గౌరి వాలలేదు. తాడు పట్టుకుని లోపలే కూర్చుంది. "వాలవే!" అని మళ్లీ అరిచేలోపు పడవ ఒరిగి, ఇద్దరం నీళ్లలో పడ్డాం. ఆ నల్లటి నీళ్లలో పడవ అంచు పట్టుకుని గౌరి దగ్గుతోంది, నవ్వుతోంది, మళ్లీ దగ్గుతోంది. పడవని లేపాక పైకి ఎక్కలేకపోయింది. నేనే చొక్కా పట్టుకుని లాగాను.

"బద్ధకం ఎక్కువైంది నీకు. నాటకాలు మాను" అన్నాను.

"సారీ అన్నా" అంది. ఒడ్డుకొచ్చేదాకా నాకు వీపు పెట్టి కూర్చుంది. ఆ వీపు పైకీ కిందికీ ఎలా ఎగిరిందో నాకు ఇప్పుడు కళ్లు మూసుకున్నా కనపడుతుంది. ఆ రోజు మాత్రం కోపంలో ఉన్నాను.

డిసెంబరులో భోపాల్ వెళ్లాం. స్టేజీ మీద కూర్చుని పాడతానని స్టూలు అడిగితే, జనం ముందు ముసలమ్మలా ఏమిటని విసుక్కున్నాను. స్టూలు మాత్రం తెచ్చిపెట్టాను. ఆ ఒక్కటీ చేసినందుకు నాకు కాస్త ఊరట.

జనవరిలో నాన్న బలవంతం మీద ఎక్స్‌రే తీయించాం. ఒకవైపు నల్లగా ఉండాల్సిన చోటంతా తెల్లగా ఉంది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందన్నారు. ఆ నీరు తీసి పరీక్షిస్తే అందులో క్యాన్సరు ఉంది. జన్మలో సిగరెట్టు ముట్టని పిల్ల. ఆ రిపోర్టు చేతిలో పెట్టుకుని డాక్టరమ్మ హిందీలో అడిగింది, "ఆయాసం ఎప్పటి నుంచి?"

"ఈ మధ్యే" అంది గౌరి.

"రెండు మూడు నెలలు ముందు వచ్చి ఉంటే దారులు ఎక్కువుండేవి" అంది డాక్టరమ్మ. నాన్న నేలకేసి చూశాడు. నేను నోరు మూసుకున్నాను. ప్రతి రికార్డింగుకీ తేదీ వేసే అలవాటు నాది. సెప్టెంబరు పద్నాలుగు, మధ్యాహ్నం మూడింటికి, పల్లవి రెండో మాట తర్వాత. ఈ ప్రపంచంలో ఆ జవాబు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. చెప్పలేదు. ఆ రోజూ చెప్పలేదు, తర్వాతి నాలుగు నెలల్లో ఒక్క రోజూ చెప్పలేదు.

ఏప్రిల్లో గౌరి ఆసుపత్రి మంచం మీద నుంచి, "నర్సు పాట నా పుట్టినరోజుకి వదులు అన్నా. ఇక్కడి నర్సులకి మాటిచ్చేశాను" అంది. దాని పుట్టినరోజు సెప్టెంబరు మొదట్లో. అప్పటికి తానుండదని దానికి తెలుసు. నాకు తెలుసని కూడా దానికి తెలుసు. "ఠీక్ హై" అన్నాను.

జూలైలో పాట తెరిచాను. రెండు నెలలు ఆ లాప్‌టాప్ ముట్టుకోలేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదటి నుంచి విన్నాను. నాలుగు నిమిషాల పదకొండు సెకన్ల పాట. అంతసేపట్లో మా చెల్లెలు ఒక్కసారి కూడా ఊపిరి తీసుకోలేదు.

పాత పాటలు తెరిచాను. అన్నీ అంతే. తొమ్మిదేళ్ల పాటల్లో ఎక్కడా దాని ఊపిరి లేదు. పాత హార్డ్‌డిస్కులు, ఫోన్లు, పెన్‌డ్రైవులు అన్నీ వెతికాను. బేర్ సరాయ్‌లో ఒక రిపేరు కుర్రాడి దగ్గర చెరిపిన ఫైళ్లు తిరిగొస్తాయంటే వెళ్లాను. వాడు మూడు రోజులు ప్రయత్నించి, "భయ్యా, మీరే దాని మీద వందసార్లు రాసేశారు" అన్నాడు. మెట్లు దిగి, పుస్తకాల షాపు ముందు నిలబడి ఏడ్చాను. పోటీ పరీక్షల పిల్లలు పక్కకి తప్పుకుని వెళ్లారు. దాని గొంతు నా దగ్గర కావలసినంత ఉంది. నాకు కావలసింది అది కాదు. అది గాలి పీల్చుకునే చప్పుడు కావాలి. నేను చెత్త అనుకున్నది కావాలి.

అప్పుడు ఇంకో పాడు పని చేశాను. కోసిన చోట్లన్నీ నాకు గుర్తే. ముప్ఫై ఒకటి. మైకు ముందు నిలబడి ముప్ఫై ఒక్కసారి నేనే ఊపిరి పీల్చి రికార్డు చేశాను. దాన్ని కాస్త సన్నగా, ఆడపిల్లదిలా మార్చి, పాటలో ఒక్కో ఖాళీలో ఒక్కోటి పెట్టాను. రెండు వారాలు పట్టింది. పూర్తయ్యాక వింటే గౌరి నా పక్కనే నిలబడి పాడుతున్నట్టు ఉంది. ఎవడూ కనిపెట్టలేడనుకున్నాను. నా చెవి మీద నాకంత నమ్మకం మరి.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఏ పాటైనా లోకంలోకి వదిలే ముందు నాన్న వినాలి. డైనింగు టేబుల్ దగ్గర నిటారుగా కూర్చుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, చివరిదాకా విని, "పాస్" అనో "ఫెయిల్" అనో అంటాడు. అంతకుమించి ఒక్క మాట చెప్పడు. ఆగస్టు చివర ఒక మధ్యాహ్నం ఆయన్ని కూర్చోబెట్టి పాట పెట్టాను. ఎదురుగా నేను నిలబడ్డాను.

రెండో వరుస దాటకముందే నాన్న చెయ్యెత్తాడు. ఆపాను.

"ఇది ఎవులిది?" అన్నాడు.

"గౌరిదే కదా నాన్నా. నర్సు పాట."

"పాట కాదురా. ఊపిరి. ఈ ఊపిరి ఎవులిది?"

నేను లాప్‌టాప్ మూత సగం మూశాను.

"గుంట ముక్కుతో పీలుస్తాది" అన్నాడు నాన్న. "ఇది నోటితో పీల్సింది. ఇది నీది."

కుర్చీ లాక్కుని కూర్చుని మొత్తం చెప్పేశాను. కోయడం, చెరిపేయడం, సెప్టెంబరు పద్నాలుగు, డాక్టరమ్మ అడిగినప్పుడు నోరు మూసుకోవడం, అన్నీ. "నాకు వినపడింది నాన్నా. అందరికంటే ముందు నాకే వినపడింది. నేను తప్పులనుకుని కోసేశాను" అన్నాను. ఆయన లేచి చెంప మీద ఒక్కటిస్తే బాగుండుననిపించింది.

నాన్న హెడ్‌ఫోన్లు తీసి టేబుల్ మీద పెట్టాడు. వైరు జాగ్రత్తగా చుట్టాడు.

"దాని మంచానికీ నా మంచానికీ మజ్జిన ఒక్క గోడ" అన్నాడు. "అక్టోబరు నుంచి నాకూ ఇనపడతనే ఉంది. పడుకున్నాక బుస్సుబుస్సుమనీది. పొగనుకున్నాన్రా. కిటికీ మూసుకోమ్మా అన్నాను. మూసుకుంది."

"మరి నాకు చెప్పలేదేం నాన్నా?"

"సెప్దుననే అనుకున్నాను. మల్ల నువ్వు రోజూ దానిసేత పాడిస్తన్నావు కదా. ఏటైనా ఉంటే నీకు తెలీకుండా ఉంటాదేటి, ఆడి సెవి అలాంటిది అనుకున్నాను. నీ సెవి మీద నమ్మకం."

ఆ మాట ఆయన నన్ను నిందించడానికి అనలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అందుకే అది నాలో ఇంకా కదలకుండా కూర్చుంది. పక్క ఫ్లాటులో కుక్కరు కూతలు పెట్టింది. చివరికి నాన్న లేచి టీ పెట్టడానికి వంటింట్లోకి వెళుతూ, "నీది తీసెయ్. ఖాళీ ఉంటే ఖాళీగానే ఉండనీ. దొంగది ఎట్టకు" అన్నాడు.

ముప్ఫై ఒకటీ తీసేశాను. గౌరి పుట్టినరోజున పాట అలాగే వదిలాను. అంతకుముందు ఏ పాటనీ విననంతమంది దాన్ని విన్నారు. ఆసుపత్రి నర్సులు ఫోన్లలో పెట్టుకున్నారట. గాజువాక నుంచి ఒకావిడ పాట కింద రాసింది, "ఎంత ఊపిరి బలం ఈ అమ్మాయికి! పాటంతా ఒక్క గుక్కలో పాడినట్టుంది. చల్లగా ఉండాలి తల్లి." నాన్నకి చదివి వినిపించాను. ఆయన "ఆదివారం పడవ తీద్దాం" అన్నాడు.

అప్పటికి అక్టోబరు చివరి వారం. పొగ మళ్లీ దిగింది. అవతలి ఒడ్డు కనపడటం లేదు. షెడ్డులోంచి పడవ దింపాక నేను నాన్న కోసం కుర్చీ తెరవబోయాను. ఆయన వినకుండా ప్యాంటు మడిచి నీళ్లలోకి దిగి, ముందు కూర్చున్నాడు. గౌరి చోట.

"నాన్నా, డెబ్భై రెండేళ్లు నీకు. మోకాళ్లు."

"నువ్వు సుక్కాని పట్టు" అన్నాడు.

గాలి తక్కువగానే ఉంది. నాన్న తాడు లాగి పట్టుకున్నాడు. పాత అలవాటు చేతుల్ని వదల్లేదు. నాకు ఆయన వీపు, మెడ మీద తెల్ల వెంట్రుకలు మాత్రమే కనపడుతున్నాయి. నేను తెరచాపకేసి చూడలేదు, నీళ్లకేసి చూడలేదు. వింటూ కూర్చున్నాను. పీల్చడం, వదలడం. పీల్చడం, వదలడం. మధ్యలో చిన్న గురక లాంటిది. గుర్రపుడెక్క తప్పించి రెండో మలుపు తిప్పాక ఆ చప్పుడు కాస్త మారింది. పీల్చేది పొట్టిదైంది. బాగున్నావా అని అడగలేదు. చుక్కాని తోసి, పడవని తిన్నగా ఒడ్డుకి తిప్పేశాను.

"ఏటి తిప్పేసేవు? ఇంకా గాలుంది కదా" అన్నాడు నాన్న, ముందుకే చూస్తూ.

"ఇనపడింది నాన్నా" అన్నాను.

ఆయన వెనక్కి తిరగలేదు. మొహం నాకు కనపడలేదు. ఏడుస్తున్నాడని ఊపిరిని బట్టి తెలిసింది.